కోలుకున్నట్టు నిర్ధారించడమైనది

మొదటి రోజు

పేరు దాసరి మణెమ్మ. వయసు నలభై ఏడు. కొత్తగని రెండో బ్లాకు, పాత కార్మికుల క్వార్టర్లలో పదిహేడో ఇల్లు. ఇవన్నీ నీకు తెలుసు చిలకా. ప్రతి నమోదూ పేరుతో మొదలవ్వాలని నిబంధన కాబట్టి రాశాను. రేపటి నుంచి రాయను. కావాలంటే మార్కులు కోసుకో.

పొద్దున్న నీళ్ళ బండి దగ్గర రెండు బిందెలు పట్టుకుని, ఇంట్లో పెట్టి, సేవా గదికి వెళ్ళాను. ఆ గదిలో మాట్లాడే యంత్రాన్ని మా ఊళ్ళో అందరూ చిలక అంటారు. జోస్యం చెప్పేవాడి చిలకలాగే అది కూడా మన బతుకు తాలూకు కార్డు ఒకటి లాగి ముందర పడేస్తుంది.

"నమస్కారం మణెమ్మ గారూ. మీకు శుభవార్త" అంది.

"ఏంది?"

"మీ చేతి కడియం లెక్క ప్రకారం మీరు వరసగా నూట ఇరవై రాత్రులు చక్కగా నిద్రపోయారు. మీ అశక్తత అరవై రెండు శాతం నుంచి ముప్పై ఎనిమిదికి తగ్గింది. మీరు కోలుకున్నట్టు నిర్ధారించడమైనది. అభినందనలు."

నలభై కంటే తగ్గితే పింఛను ఆగుతుంది. దానితో పాటు నెలనెలా వచ్చే మందులు కూడా ఆగుతాయి. నాది బైపోలార్ జబ్బు. మందులుంటే అందరిలా పడుకుని అందరిలా లేస్తాను. లేకపోతే కొన్నాళ్ళు ఆకాశంలో ఉంటాను, ఆ తర్వాత నెలల తరబడి గోడకేసి తిరిగి పడుకుంటాను.

"నేను నిద్రపోతున్నది మందులు వేసుకుంటున్నందుకు. అవి ఇస్తున్నది మీరే" అన్నాను.

"అవును. చికిత్స ఫలించింది."

"మందులాపితే నిద్ర పోతది."

"ప్రస్తుతం మీరు నిద్రపోతున్నారు మణెమ్మ గారూ."

నా వెనక వరసలో ఉన్నవాళ్ళు దగ్గడం మొదలుపెట్టేదాకా వాదించాను. చివరికి అది చెప్పిందేమిటంటే, నిర్ణయం నచ్చకపోతే అప్పీలు చేసుకోవచ్చట. నలభై రోజులు వాళ్ళిచ్చే రాత పలక మీద స్వయంగా రోజువారీ నమోదు రాయాలి. ఎవరి సాయమూ తీసుకోకూడదు. నలభయ్యో రోజు మనిషి అధికారి ముందు విచారణ.

జబ్బు ఉందని చూపించడానికి నలభై రోజులు క్రమం తప్పకుండా పని చేయాలన్న మాట. సరే. ఇంట్లో ఇంకా పదహారు రోజుల మాత్రలున్నాయి.

మూడో రోజు

మొదటి రోజు రాసినదానికి చిలక మార్కులు పంపింది. స్పష్టత తొంభై నాలుగు. పొందిక తొంభై ఒకటి. "హాస్యస్ఫూర్తి గమనించబడినది. కోలుకుంటున్న లక్షణం."

పక్కింటి యాకూబన్నకు చూపించాను. ఆయనకు ఎడమకాలు మోకాలి కింద లేదు. సోలార్ పలకలు మోసే బండి కింద పడి పోయింది. ఏడాదికోసారి చిలక ముందుకు వెళ్ళి, లేని కాలు చూపించి వస్తాడు. మళ్ళీ మొలవలేదని అది నమోదు చేసుకుంటుంది.

ఆయన చదివి తల పట్టుకున్నాడు. "ఏంది టీచరమ్మా ఇది? గింత ముద్దుగ రాస్తరా ఎవరన్న? చదివినోడు ఈమెకే రోగం లేదంటడు."

"మరెట్ల రాయాలె?"

"తప్పులు రాయి. సగం రాసి ఇడిసిపెట్టు. ఒకటే మాట పదిసార్లు రాయి. నా తోడల్లుడు గట్లనే రాసిండు, డెబ్బై శాతం ఇచ్చిన్రు."

పద్దెనిమిదేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పాను. వాళ్ళ తప్పుల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టాను. ఇప్పుడు నేను కావాలని తప్పు రాయాలి. కూర్చుని మూడు తప్పులు రాశాను. కాసేపటికి రెండు దిద్దేశాను. మూడోది ఎక్కడుందో నాకే దొరకలేదు.

ఎనిమిదో రోజు

పదిన్నరకు ఎండ సైరన్. తలుపులూ కిటికీలూ మూసి, నాలుగున్నర దాకా లోపలే. బట్టలు మడిచాను. పప్పు వండాను. మధ్యలో చిలక నుంచి ప్రశ్న వచ్చింది: "ఈ రోజు మీ అస్వస్థత వల్ల చేయలేకపోయిన పని ఏది?"

ఏ పనీ లేదు. ఈ రోజు బాగానే ఉన్నాను. మందులు వేసుకున్నాను కాబట్టి బాగున్నాను. ఆ ముక్కే రాసి పంపాను.

జవాబు: "మీ నిజాయితీకి ధన్యవాదాలు. ముప్పై ఆరు శాతం."

రెండు శాతం పోయింది. పప్పు కూడా మాడింది. ఆ మాడటాన్ని అస్వస్థత కింద రాయవచ్చా అని అడిగితే, "వంటగది ప్రమాదాలకు వేరే విభాగం ఉంది" అంది.

పదహారో రోజు

ఆఖరి మాత్ర వేసుకున్నాను. సేవా గదికి వెళ్ళి, విచారణ అయ్యేదాకా మందులైనా ఇవ్వమని అడిగాను. కోలుకున్నవారికి మందులివ్వడం ప్రమాదకరమట.

ఇరవయ్యో రోజు

నిన్న రెండు గంటలు పడుకున్నాను. అలసట లేదు. ఇల్లంతా కడిగాను. యాకూబన్న ఇల్లు కూడా కడుగుతానంటే ఆయన వద్దన్నాడు. నా ముఖంలోకి చాలాసేపు చూశాడు.

ఇలా మొదలవుతుందని నాకు తెలుసు. తెలిసి కూడా ఏం చేయాలో తెలియదు. మందుల దుకాణంలో సేవా గది చీటీ లేనిదే ఇవ్వరు.

ఇరవై రెండో రోజు

ఈ రోజు ఎంత బాగుందంటే చిలకా నీకు చెప్పినా అర్థం కాదు ఎందుకంటే నువ్వు యంత్రానివి కాని నేను నీకు కూడా తెలుగు నేర్పగలను, నీ "నిర్ధారించడమైనది" వంటి మాటలన్నీ తీసేసి మనుషుల భాష పెడతాను, కొత్తగనిలో ఉన్న ప్రతి ఇంటికీ ఒక బడి, ప్రతి బడికీ ఒక తోట, గనుల్లో నిండిన నీళ్ళన్నీ పైకి తోడితే ఈ ఎండలు ఉండవు, ఇంత తేలికైన సంగతి ఎవరికీ ఎందుకు తట్టలేదు, అధికారికి ఉత్తరం రాశాను పదకొండు పేజీలు, ఇంకా రాస్తాను, నాకు ఆకలి లేదు నిద్ర అవసరం లేదు నేను ఇంత ఆరోగ్యంగా ఎన్నడూ లేను

ఇరవై ఆరో రోజు

పై నమోదుకు చిలక ఇచ్చిన మార్కులు ఇవాళ చూశాను. "ఉత్సాహం తొంభై ఎనిమిది. భవిష్యత్తుపై ఆశ గమనించబడినది. ముప్పై ఒక్క శాతం."

నాకు జబ్బు ముదిరిన రోజునే నేను అందరికంటే ఆరోగ్యవంతురాలినని తేల్చింది. దీన్ని చించడానికి కాగితం కూడా కాదు, పలక. నేలకేసి కొడితే కొత్తది ఇవ్వడానికి ఇంకో ఫారం నింపాలి.

మధ్యలో ఏం జరిగిందో యాకూబన్న చెప్తే రాస్తున్నాను. ఇరవై నాలుగో రోజు సైరన్ మోగాక నేను చెప్పుల్లేకుండా వీధిలోకి బయలుదేరానట. గనుల దగ్గరకెళ్ళి నీళ్ళు తోడించాలని. ఆయన కర్ర పట్టుకుని గెంతుకుంటూ వచ్చి, నన్ను లోపలికి నెట్టి, బయట గొళ్ళెం పెట్టి, అదే గడప నీడలో తడిగుడ్డ కప్పుకుని నాలుగున్నర దాకా కూర్చున్నాడు. నేను తలుపు బాదుతూ ఆయన్ని, ఆయన తాతముత్తాతల్ని తిట్టానట.

"తిట్టు టీచరమ్మా, ఎంతన్న తిట్టు. నాలుగున్నరకు తీస్త" అన్నాడట మాటిమాటికీ. అరచేతులు పొక్కులెక్కాయి ఆయనకు. అడిగితే, "నీ తిట్లకే ఎక్కినయ్" అంటున్నాడు.

సాయంత్రం ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరమ్మ చిలక మాట వినకుండా, అత్యవసరం కింద విచారణ రోజు దాకా సరిపోయేలా పదిహేడు రోజుల మందులు ఇచ్చింది. మళ్ళీ ఇవ్వలేనని కూడా చెప్పింది.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. అప్పీలు ఫారంలో పద్నాలుగో ప్రశ్నను ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలేశాను. "మీ అస్వస్థత వల్ల గతంలో ఇతరులకు హాని జరిగినదా? సాక్షులు?"

జరిగింది. తొమ్మిదేళ్ళ క్రితం. అప్పుడు నాలుగో తరగతికి టీచర్ని. ఐదు రోజులుగా నిద్ర లేదు. అంత హాయిగా ఎప్పుడూ లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఎండ సైరన్ మోగింది. తలుపులు మూయాల్సింది పోయి బార్లా తెరిచాను. ఎండ మనల్నేమీ చేయదన్నాను. ముప్పై నలుగురు పిల్లల్ని చేతులు పట్టించి, పాటలు పాడిస్తూ, బడి వెనక గని మట్టి గుట్ట ఎక్కించాను. పదకొండు నిమిషాలు. మౌనిక అనే తొమ్మిదేళ్ళ పిల్ల పడిపోయింది. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది.

బడి పేరు పోతుందని పెద్దలు నా కాగితాల్లో "స్వచ్ఛంద విరమణ" అని రాశారు. జబ్బు పేరు నాకు ఆ తర్వాత ఆరు నెలలకు తెలిసింది. అందుకే చిలక దగ్గర ఆ రోజు లేదు. నేను హాయిగా ఉద్యోగం మానేసిన మనిషిని.

మౌనిక తల్లి పేరు సరోజన. ఆమె ముందుకు నేను ఎన్నడూ పోలేదు. మొదట్లో పోవద్దన్నారు. తర్వాత ఎవరూ వద్దనలేదు, అయినా పోలేదు.

ఇరవై తొమ్మిదో రోజు

పోయాను. సరోజన మూడో బ్లాకులో ఉంటుంది. తెల్లవారక ముందే వెళ్ళి సోలార్ పలకలు కడిగి, సైరన్‌కు ముందు ఇల్లు చేరుతుంది. నేను వెళ్ళేసరికి రబ్బరు తొడుగులు తిరగేసి తీగ మీద ఆరేస్తోంది. నన్ను చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎందుకొచ్చినవ్?"

గుమ్మం బయటే నిలబడి అంతా చెప్పాను. నా జబ్బు, ఆగిన మందులు, పద్నాలుగో ప్రశ్న. చిలక ఇచ్చిన నిర్ణయం కాగితం చూపించాను. ఆమె కూడబలుక్కుంటూ పైకి చదివింది. "గత చరిత్రలో... తీవ్ర లక్షణములు... నమోదు కాలేదు."

తల ఎత్తింది. "అంటే అప్పుడు నీకు ఏ రోగం లేకుండెనా?"

"ఉండె. వాళ్ళు రాసుకోలేదు."

"రోగం లేకుంటే, మంచిగుండే నా బిడ్డను ఎండల నిలబెట్టినవా?"

ఆమె కాగితం నా ముఖం ముందుకు తెచ్చింది.

"తొమ్మిదేండ్ల నుంచి నేను ఒక్కటే మాట అనుకుంటున్న. ఆమెకు పానం మంచిగలేదు, సోయి తప్పి చేసింది అని. గా ఒక్క మాట పట్టుకునే నీ ఇంటి మీదికి రాకుండ ఊకున్న. ఇప్పుడు చిలక గా మాట గూడ గుంజుకుంటదా?" కాగితం నా చేతిలో కుక్కింది. "ఎన్నడు పోవాలె?"

"పదకొండు రోజులకు."

"వస్త. నీ కోసం గాదు."

నలభయ్యో రోజు

విచారణ జిల్లా కేంద్రంలో. అధికారి పేరు రహీమొద్దీన్. నిజంగానే మనిషి. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని నా నమోదులు చదువుతున్నాడు. బల్ల మీద చిలక కూడా ఉంది.

"చాలా బాగా రాశారమ్మా" అన్నాడు.

"అదే నా ఖర్మ సార్."

నవ్వబోయి ఆపుకున్నాడు. "ఈ రోజు ఎట్లున్నరు?"

బాగాలేదని చెప్పమని యాకూబన్న దారి పొడుగునా నేర్పించాడు. కాని అబద్ధం నోటికి రాలేదు. "ఈ రోజు బాగనే ఉన్న. డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర ఇంకొక్కటే ఉంది. ఆ తర్వాత ఎట్లుంటనో ఇరవై రెండో రోజుది చదవండి. మీ యంత్రం దానికే ఎక్కువ మార్కులేసింది."

ఆయన ఆ పేజీ తీసి చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళద్దాలు కిందికి దించుకున్నాడు.

అప్పుడు సరోజన లేచింది. ఎవరూ అడగకుండానే ఆ రోజు గురించి మొదలుపెట్టింది. ఇంటికి కబురు ఎట్లా వచ్చిందో, గుట్ట కింద పిల్లను ఎట్లా చూసిందో, నేను అక్కడే నిలబడి ఇంకా పాడుతూ ఎట్లా ఉన్నానో. పాడుతూ ఉన్నానని నాకు తెలియదు. తొమ్మిదేళ్ళలో ఎవరూ చెప్పలేదు. కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"సాక్షికి వైద్య అర్హత లేదు" అంది చిలక మధ్యలో.

సరోజన దాని వైపు తిరిగింది. "నా బిడ్డ నోట్లె నురుగు తుడిసిన. ఈమె కండ్లు చూసిన. గా కండ్లల్ల మనిషి లేదు. గది చెప్పనీకి నేను డాక్టర్ను కావాల్నా?"

"సాక్షి భావోద్వేగం అధికంగా..."

రహీమొద్దీన్ చేయి చాచి దాని గొంతు తగ్గించాడు. పాత ఆసుపత్రి రికార్డులు తెప్పించాడు. మౌనిక, వయసు తొమ్మిది, ఎండదెబ్బ, బడి వేళలో. ఆ మర్నాటి తేదీతోనే నా "స్వచ్ఛంద విరమణ". రెండూ పక్కపక్కన పెట్టాడు.

"మందులతో బాగున్నరు. అంటే మందులు కావాలె. దీనికి ఇన్ని రోజులా?" అని తనలో తను విసుక్కున్నాడు. అరవై నాలుగు శాతం, రెండేళ్ళ దాకా మళ్ళీ పరీక్ష లేదు అని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. మందులు ఈ రోజే ఇమ్మన్నాడు.

బయటకు వచ్చాక చేతులు జోడించబోతే సరోజన నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"నాకు దండం పెట్టకు. నాకు గా కాగితం కావాలె, నా బిడ్డకు చూపెట్టనీకి. పిల్ల గూడ సోలార్ పలకల పనే చేస్తది. సైరన్ మోగంగనే అందరు లోపలికి ఉరుకుతరు. ఇది రెండు నిమిషాలు, మూడు నిమిషాలు బయటనే నిలబడ్తది. పోయిన వారం ఐదు. ఎందుకే అంటే చెప్పదు. కొట్టిన, ఏడ్సిన. ఇనది." గొంతు తగ్గించింది. "నువ్వు చెప్తే ఇంటదేమో. వచ్చి చెప్పు."

నలభై ఒకటో రోజు

ఇది చిలక కోసం కాదు. పలక తిరిగి ఇచ్చేశాను. పాత నోటుబుక్కులో రాస్తున్నాను.

ఈ రోజు ఆదివారం, మౌనికకు సెలవు. పొద్దున్నే వెళ్ళాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల, తల్లి కంటే పొడుగు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. నేను దానికి సిద్ధంగా లేను. కోపానికి సిద్ధపడి వెళ్ళాను.

"టీచర్! మీరేనా? రండి, కూసోండి." కుర్చీ తుడిచింది. "నాకు గా రోజు ఇంకా యాదికుంది టీచర్. గంత సంతోషం మళ్ళ ఎన్నడు కాలేదు. మీరు ఎంత మంచిగ పాడిన్రో."

సరోజన వంటగదిలోకి వెళ్ళిపోయింది.

"సైరన్ మోగినాక ఎందుకు నిలబడుతున్నవ్ మౌనికా?" అని అడిగాను.

వేళ్ళు విరుచుకుంది. తర్వాత, నాకు తప్ప ఎవరికీ చెప్పకూడని సంగతిలా, మెల్లగా చెప్పింది. "నమ్మినోళ్ళను ఎండ ముట్టదు అన్నరు గద మీరు. అందరు నిలబడ్డరు, నేనొక్కదాన్నే పడ్డ. నేను పూర్తిగ నమ్మలేదు టీచర్. లోపల కొంచెం భయపడ్డ. అందుకే పడ్డ. ఇప్పుడు కొంచెం కొంచెం అలవాటు చేసుకుంటున్న."

ఆ మాట నేనన్నట్టు నాకు గుర్తు లేదు. అని ఉంటాను. ఈ పిల్ల తొమ్మిదేళ్ళుగా అది మోస్తోంది.

నలభై రోజులు ఒక యంత్రానికి పేజీలకు పేజీలు రాసి చెప్పలేకపోయిన ముక్క, ఈ పిల్లకు నోటితో చెప్పాను.

"ఆ రోజు నాకు మంచిగలేదు బిడ్డా. నాది మనసుకొచ్చే జబ్బు. ఐదు రోజుల నుంచి నిద్ర లేదు. ఏది తోస్తే అది నిజమనిపించేది. నేను చెప్పింది నిజం కాదు. ఎండ నమ్మినోళ్ళను గూడ కాలుస్తది. నువ్వు చిన్నగున్నవ్, అందరికన్న ముందల నిలబడ్డవ్, పొద్దటి నుంచి నీళ్ళు తాగలేదు. అందుకే పడ్డవ్. నువ్వు భయపడ్డవ్ సూడు, ఆ గుట్ట మీద తెలివిగ ఉన్నది నువ్వొక్కదానివే. తప్పు నాది."

అధికారి సంతకం ఉన్న కాగితం ఆమె ఒళ్ళో పెట్టాను. చదివింది. మడిచింది. మళ్ళీ విప్పి చదివింది.

"గిది చెప్పనీకి తొమ్మిదేండ్లా టీచర్?"

"తొమ్మిదేండ్లు."

"ఆ బ్లాకు నుంచి ఈ బ్లాకుకు పావుగంట నడక. నేను... నేను మీరు మెచ్చుకుంటరని..." మాట పూర్తి చేయలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. అది ఏడుపో కోపమో నాకు తెలియలేదు. ఏదైనా ఆమె హక్కే. దగ్గరికి వెళ్ళే ధైర్యం రాలేదు. లేచి వెళ్ళిపోయే ధైర్యమూ రాలేదు. కుర్చీలోనే కూర్చున్నాను.

పదిన్నర అవుతుండగా మౌనిక తనే లేచి, ఒక్కొక్క కిటికీ మూసింది. నాతో మాత్రం మాట్లాడలేదు.

మధ్యాహ్నం సరోజన మూడు కంచాలు పెట్టింది. తిన్నాం.